తమ్ముడి మీటింగ్‌కి అక్క కాపలా ఎందుకు?

ప్రశ్న: మా నాన్న పోయేనాటికి తమ్ముడికి పదేళ్లు. టీచర్ ఉద్యోగం చేస్తూ నేనే చదివించి పెళ్లి చేశాను. ఇప్పుడు వాడికి నలభై. తాగుడు ముదిరితే నెల రోజులు డీ-అడిక్షన్ సెంటర్లో ఉంచాం. డాక్టరుగారు తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసే ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) మీటింగులకు వెళ్లమన్నారు. రెండుసార్లు వెళ్లి, ‘అక్కడంతా పెద్ద తాగుబోతులు, నేను వాళ్లంత కాదు’ అని మానేశాడు. మళ్లీ తాగుతున్నాడు. మరదలు సర్దుకుపోలేక బాబుని తీసుకుని తణుకులో పుట్టింటికి వెళ్లిపోయింది. ఇక్కడ అందరూ తెలిసినవాళ్లే. వైజాగ్‌లో మీటింగ్ ఎక్కడుందో చెబితే ప్రతి ఆదివారం నేనే తీసుకెళ్తాను. పక్కన కూర్చోనిస్తారా? ఈలోగా వాడికి తెలియకుండా అన్నంలో తాగుడు మాన్పించే మందు కలపొచ్చా?
– ఒక అక్క, కాకినాడ

జవాబు: ముందు ఆ మందు సంగతి. కలపకండి. డైసల్ఫిరామ్ అనే మాత్రని డాక్టరు పరీక్షలు చేసి, మనిషికి చెప్పి, అతను ఒప్పుకున్నాకే ఇస్తారు. అది లోపలుండగా తాగితే వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. అన్నంలో ఏముందో తెలియని మనిషి సాయంత్రం వైన్ షాపుకి వెళ్లడా? ఇంకో జాగ్రత్త: రోజూ బాగా తాగేవాణ్ణి గదిలో పెట్టి ఒక్కసారిగా మాన్పించాలని చూడకండి. చేతులు వణకడంతో మొదలై ఫిట్స్ దాకా పోవచ్చు. అది ఆసుపత్రిలో, డాక్టరు చూస్తుండగా జరగాల్సిన పని.

మీటింగ్ కోసం వైజాగ్ దాకా ఎందుకు? రానూపోనూ దాదాపు మూడు వందల కిలోమీటర్లు. ఎన్ని ఆదివారాలు సాగుతుంది? తాగాలనే యావ ఆదివారం దాకా ఆగదు, మంగళవారం సాయంత్రం పని అయిపోగానే వస్తుంది. అందుకే కొత్తవాళ్లని మొదటి 90 రోజులు వీలైతే రోజూ రమ్మంటారు పాతవాళ్లు. 14446 అనే జాతీయ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్‌కి గానీ, అతను చేరిన సెంటర్‌కి గానీ ఫోన్ చేసి దగ్గర్లోని గ్రూపు ఎక్కడో అడగవచ్చు. ఆ ఫోన్ మీ తమ్ముడు చేయాలి. మీటింగ్ లేని రోజుకి సెల్‌ఫోన్లోనే ఆన్‌లైన్ మీటింగులున్నాయి.

పక్కన కూర్చోవడమంటారా, ఓపెన్ మీటింగ్ అయితే ఎవరైనా వెళ్లవచ్చు. క్లోజ్డ్ మీటింగ్ తాగుడు మానాలనుకునేవాళ్లకే. ఓపెన్ మీటింగులకి నేనూ వెళ్లాను. స్కూలు గది, ప్లాస్టిక్ కుర్చీలు, ఫ్లాస్కులో టీ. లారీ డ్రైవరూ ఇంజనీరూ పక్కపక్కనే ఉంటారు. ఒకాయన లేచి తన పేరు చెప్పి, నేను ఆల్కహాలిక్‌ని అన్నాడు. స్కూటర్ డిక్కీలో రెయిన్‌కోటు మడతల్లో క్వార్టర్ సీసా దాచుకుని, ఇంటికొచ్చి బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశానన్నాడు. ఎవరూ ఛీ అనలేదు, సలహా కూడా ఇవ్వలేదు. ఫీజు లేదు. చివర్లో సంచీ తిప్పితే ఇష్టమున్నవాళ్లు వేస్తారు. అక్కడ విన్నది ఫలానావాళ్లు అన్నారని బయట చెప్పరు. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు ఆసరాగా మొదలుపెట్టిన పద్ధతి ఇది. అందులో చేరడానికి ఒకే షరతు, తాగుడు మానాలన్న కోరిక. ఆ కోరిక అక్కకి ఎంతున్నా తమ్ముడి ఖాతాలో పడదు. ‘నేను వాళ్లంత కాదు’ అని మొదట్లో చాలామంది అంటారు. వాళ్లకీ తనకీ తేడాలు కాకుండా పోలికలు వెతుక్కోమని పాతవాళ్లు చెబుతారు. పక్కన మీరుంటే అతను రెయిన్‌కోటు లాంటి మాట ఒక్కటైనా పైకి చెప్పగలడా?

ఇప్పుడు అసలు విషయం. మీరు పంపిన ఉత్తరం నాలుగు పేజీలు. తమ్ముడి ఆఫీసుకి జ్వరమని ఫోన్ చేసింది మీరు. చీటీ బాకీ కట్టింది మీరు. గాజులు తాకట్టు పెట్టింది మీరు. ఆ నాలుగు పేజీల్లో మీ మరదలికి దక్కింది ‘సర్దుకుపోలేక’ అన్న ఒక్క మాట. ఎన్నేళ్లు సర్దుకుందో రాయలేదు. బాబు ఏం చూశాడో రాయలేదు. తాగిన మొగుణ్ణి భరించడమే ఇల్లాలి ధర్మమంటే నేను ఒప్పుకోను. బిడ్డని తీసుకుని బయటపడటం ఆ అమ్మాయి తన ఆత్మగౌరవం కోసం చేసిన పని. మీ ఇంట్లో తాగుడుకి అడ్డం నిలబడింది ఆ అమ్మాయొక్కతే.

పరువంటారా, వీధిలో అందరికీ ఎప్పుడో తెలిసి ఉంటుంది. మీ మొహం చూసి పైకి అనరంతే.

తండ్రి లేని పిల్లాణ్ణి ఒంటి చేత్తో పెంచిన మనిషి మీరు. దానికి నమస్కరిస్తాను. కానీ ఆ పదేళ్ల పిల్లాడు ఇప్పుడు లేడు. ఉన్నది ఒక బిడ్డకి తండ్రి. పడ్డ ప్రతిసారీ మీరు కింద పరుపేస్తుంటే అతనికి దెబ్బ తగిలేదెప్పుడు, మానాలనిపించేదెప్పుడు?

మీటింగ్ కావాల్సింది మీకూ. తాగేవాళ్ల ఇంటివాళ్ల కోసం ఆల్-అనాన్ గ్రూపులని వేరే ఉన్నాయి, అమెరికాలో 1951 నుంచీ నడుస్తున్నాయి. మన దేశంలోనూ ఉన్నాయి. ఏఏ గ్రూపువాళ్లని అడిగితే చెబుతారు. అక్కడ తమ్ముణ్ణి మార్చే కిటుకులు చెప్పరు. ఎక్కడ చెయ్యి తీసేయాలో తోటివాళ్ల అనుభవం విని మీరే తెలుసుకుంటారు.

ఈ నెల చీటీ మీరు కట్టకండి. ఆఫీసు నుంచి ఫోనొస్తే అతని చేతికే ఇవ్వండి. తణుకు ఫోన్ చేయండి, ‘ఎప్పుడొస్తావ్’ అని మాత్రం అడగకండి. బాబు స్కూలు ఫీజు కట్టాలేమో అడగండి. గాజులు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బులో ఏమైనా మిగిలుంటే అది ఆ ఫీజుకివ్వండి.