కంపెనీ పెట్టాలి, అనుకున్న పేరు ఖాళీగా ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

ముందు కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ (ఎంసీఏ) పోర్టల్‌లో పేరు కొట్టి చూడండి, డబ్బేమీ కట్టక్కర్లేదు. అయితే అచ్చంగా అదే పేరు కనబడలేదని సంబరపడిపోకండి. అసలు తిరకాసు అక్కడే ఉంది. 'గోదావరి ఫుడ్స్' అనే కంపెనీ ఇప్పటికే ఉందనుకోండి. మీరు 'గోదావరి ఫుడ్' అన్నా, మాటలు అటూ ఇటూ మార్చినా, స్పెల్లింగ్‌లో ఇంకో 'ఏ' తగిలించినా, చివర 'హైదరాబాద్' చేర్చినా నిబంధనల లెక్కలో అది అదే పేరు. చెవికి ఒకేలా వినిపిస్తే తిప్పి పంపుతారు.

ఆ తర్వాత ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ సైట్‌లో మీ వ్యాపారం ఏ క్లాసులోకి (సరుకులు, సేవలను విడగొట్టిన వర్గం) వస్తుందో ఆ క్లాసులో వెతకండి. చాలామంది వదిలేసేది ఇదే. కంపెనీ రిజిస్టరయ్యాక కూడా ట్రేడ్‌మార్క్ యజమాని 3 ఏళ్లలోపు ఫిర్యాదు చేస్తే పేరు మార్చుకోవాల్సి రావచ్చు. అప్పటికి బోర్డులు, బిల్లు పుస్తకాలు, జీఎస్టీ అన్నీ ఆ పేరు మీదే ఉంటాయి మరి!

రెండు చోట్లా అడ్డు లేకపోతే ఎంసీఏ పోర్టల్‌లో కంపెనీ రిజిస్ట్రేషన్‌కు నింపే స్పైస్ ప్లస్ (SPICe+) ఫారం పార్ట్-ఎలో రూ. 1,000 కట్టి రెండు పేర్లు ఇవ్వొచ్చు. ఆమోదించిన పేరు 20 రోజులు మీకోసం ఆపి ఉంచుతారు. కాబట్టి మిగతా కాగితాలు సిద్ధం చేసుకున్నాకే దరఖాస్తు పెట్టండి.