కోసే ముందు కూర్చుని చూడు

శ్రావణీ,

నువ్వు కట్టే విమానంలో నడపడానికి చేత్తో పట్టుకునే ఆ స్టిక్ ఇంకా కోయలేదు కదా? కోయకపోతే ఆ రంపం పక్కన పడేసి ముందు ఈ ఉత్తరం చదువు. కోసేసినా చదువు, తిట్లు కాస్త ఎక్కువ పడ్డాయనుకో.

మీ అమ్మ రాత్రి ఫోన్ చేసింది. "అన్నయ్యా, పెందుర్తి షెడ్డులో ఇదేదో రేకుల పని చేసుకుంటోందనుకున్నాను, నిజంగానే ఎగురుతుందంట!" అని నవ్వుతూ మొదలెట్టి ఏడుపులోకి దిగింది. తర్వాత నీ ఫొటోలు పంపింది. గర్వంగా ఉందా అంటే ఎందుకుండదు? మన ఇంట్లో విమానాలకి నట్లు బిగించిన వాడిని నేనొక్కణ్ణే, ఏకంగా కట్టేదాకా వెళ్లింది నువ్వు. కానీ సర్వీసంతా వైజాగ్ నేవీ విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగాలో చేతక్ హెలికాప్టర్ల కింద దూరి పనిచేసిన వాడికి విమానం ఫొటో చూపిస్తే రెక్కలు కనపడవమ్మా. ఊడిపోగలిగినవీ, ఇరుక్కుపోగలిగినవీ కనపడతాయి. తెల్లారేదాకా వాటినే జూమ్ చేసుకుంటూ కూర్చున్నాను.

విమానాలకి అనుమతులిచ్చే డీజీసీఏ కాగితాల గురించి నేను చెప్పక్కర్లేదు. ముంబైలో కెప్టెన్ అమోల్ యాదవ్ మేడ మీద కట్టుకున్న విమానానికి 2017లో రిజిస్ట్రేషన్ చేతికొచ్చేసరికి ఏళ్లు గడిచాయి. ఓపిక పట్టు, అంతే.

ఇక స్టిక్ సంగతి. మోకాళ్లకి తగులుతోంది, అరగంట పట్టుకుంటే మణికట్టు లాగేస్తోంది, రెండంగుళాలు కోసి మెత్తటి ఫోమ్ గ్రిప్ తొడిగేస్తాను అన్నావట. నొప్పి నిజమే అయ్యుంటుంది, మందే తప్పు. నువ్వు స్టిక్ పట్టుకుని కూర్చున్న ఫొటో ఒకటుంది చూడు. సీటు కింద కుషన్ లేదు. ముక్కుని పక్కలకి తిప్పడానికి కాళ్లతో తొక్కే రడ్డర్ పెడల్స్ ఇంకా బిగించలేదు, మడమలు పెయింట్ డబ్బా మూత మీద పెట్టుకున్నావు. బెల్టు లేదు. అలాగ కూర్చుని స్టిక్ పొడవు నిర్ణయిస్తావా పిల్లా? కుషన్ వస్తే నడుం రెండంగుళాలు పైకి లేస్తుంది, దాంతో మోచేయి లేస్తుంది. పెడల్స్ దగ్గరికొస్తే మోకాళ్లు పైకొస్తాయి. బెల్టు బిగిస్తే ముందుకి వంగడం ఉండదు. అప్పుడు చేతికి అందే స్టిక్ వేరు, నువ్వు ఇప్పుడు పట్టుకున్నది వేరు.

అందరూ గ్రిప్ దగ్గర మొదలెట్టి కిందకొస్తారు. నువ్వు పెడల్స్ దగ్గర మొదలెట్టు. కాళ్లు కుదిరాక, ప్యానెల్ మీదుగా ముందుకి బాగా కనిపించేలా కంటి ఎత్తు చూసుకో. ఆ ఎత్తుకి కుషన్ తెచ్చుకుని దాని మీద గంటసేపు కూర్చో, ఫోమ్ ఎంత అణుగుతుందో తెలుస్తుంది. కావాలంటే ఫోన్లో సినిమా చూసుకో. ఆ తర్వాతే స్టిక్. ముంజేయి తొడ మీద వాలాలి, మణికట్టు తిన్నగా ఉండాలి, వేళ్లతో నడపగలగాలి. భుజం పైకి లేచిందంటే స్టిక్ పొడుగో సీటు పల్లమో అయినట్టు.

చేతక్‌లో పైలట్లకి ఈ వెసులుబాటు లేదు. పైకీ కిందికీ నడిపే కలెక్టివ్ ఎడమ చేతికి, ముందువెనకలకీ పక్కలకీ నడిపే సైక్లిక్ కుడిచేతికి, రెండూ ఎక్కడుండాలో అక్కడే ఉంటాయి. ముంజేయి తొడకి ఆనించాలంటే మనిషే ముందుకి వంగాలి. దిగగానే నడుం మీద చెయ్యేసుకుని ఒళ్లు విరుచుకునేవాళ్లు. మంచి వయసులో ఉన్న కుర్రాళ్లు, బస్సులో సీటు దొరికితే ఒక పక్కకి ఒరిగి కూర్చునేవాళ్లు. చేతి సుఖానికి నడుంతో కిస్తీలు కట్టారు పాపం. నీకా ఖర్మ ఎందుకు? సీటు నీ చేతిలో ఉంది, స్టిక్ నీ చేతిలో ఉంది.

అన్నీ చూసుకున్నాక కూడా కోయాలనిపిస్తే లెక్క వేసుకో. స్టిక్ అడుగున తిరిగే పివట్ నుంచి పిడికిలి దాకా 24 అంగుళాలు ఉందనుకుందాం. రెండంగుళాలు తీసేస్తే చేతికి తెలిసే బరువు 9 శాతం పెరుగుతుంది. అదే సమయంలో ముక్కుని ఎత్తి దించే తోక పలక, అదే ఎలివేటర్, అంతే కదలడానికి చేయి కదలాల్సిన దూరం తగ్గుతుంది. అంటే బరువూ పెరిగింది, నాజూకూ పెరిగింది. కిందికి దిగి నేల దగ్గర ముక్కు ఎత్తే క్షణంలో ఆ నాజూకు నీకు పనికిరాదు. మోకాళ్లకి తగలడమే బాధైతే ట్యూబ్‌ని పైభాగంలో కాస్త వంచి కొత్తది చేయించు. పాతది దాచి ఉంచు.

మణికట్టు లాగడానికి ఇంకో కారణం ఫొటోలోనే దొరికింది. నువ్వు కొన్న ఆ ఫైటర్ జెట్ మోడల్ గ్రిప్‌కి బొటనవేలి పల్లం ఎడమ పక్కనుంది. అది కుడిచేతి గ్రిప్ తల్లీ! నీ విమానంలో ఇంజిన్ వేగం పెంచి తగ్గించే థ్రాటిల్ రెండు సీట్ల మధ్య ప్యానెల్లో ఉంది. ఎడమ సీట్లో కూర్చున్న నువ్వు కుడిచేయి థ్రాటిల్‌కిచ్చి ఎడమ చేత్తో స్టిక్ పట్టాలి. కుడిచెయ్యి గ్రిప్‌ని ఎడమ చేత్తో పట్టుకుంటే మణికట్టు మెలిపడక ఏమవుతుంది? దాన్ని పక్క సీటుకి పెట్టుకో, అక్కడ కూర్చునేవాళ్లకి కుడిచెయ్యే కావాలి.

నీదానికి డబ్బు తగలేయకు. ఏటికొప్పాక వెళ్లు. ఆ బొమ్మలు చేసేవాళ్ల దగ్గర అంకుడు కర్ర ఉంటుంది, తేలిక, మెత్తగా తెగుతుంది. పిడికిలి పట్టేటంత లావు, సుమారు 35 మిల్లీమీటర్లు, లేత్ మీద చేసిమ్మని రెండు మూడు తెచ్చుకో. గుండ్రంగా వదిలేయకు, ఇంట్లో ఆకురాయితో కోడిగుడ్డు వాటంగా అరగదీయి. గుండ్రటి గ్రిప్ చేతిలో ఎటు తిరిగిందో కళ్లు చూస్తే గానీ తెలియదు, కోలగా ఉన్నది పట్టుకోగానే చెప్పేస్తుంది. ముంజేయి సహజంగా లోపలికి వాలి వస్తుంది కాబట్టి గ్రిప్‌ని కూడా ఆ వాలుకి పది, పదిహేను డిగ్రీలు తిప్పి చూడు. నచ్చిన ఆకారం దొరికాక అసలుది ఏ సరుకుతో చేయించుకుంటావో నీ ఇష్టం. ఫోమ్ మాత్రం వద్దు. మన వైజాగ్ ఉక్కలో మే నెలలో అది గిన్నెలు తోమే స్పాంజిలా తయారవుతుంది, ఆ ఉప్పు చెమట కిందికి దిగి ట్యూబ్‌ని తినేస్తుంది. తోలు గానీ, టెన్నిస్ రాకెట్‌కి చుట్టే టేపు గానీ చుట్టు. ఏడాదికోసారి విప్పి కింద తుప్పుందేమో చూడు.

ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని ఫొటో దగ్గరికొస్తున్నాను. ఏ ట్యాంకు పెట్రోలు ఇంజిన్‌కి వెళ్లాలో తిప్పుకునే ఫ్యూయల్ సెలెక్టర్‌ని సీటు వెనక పెడదామని పెన్సిల్‌తో గుర్తు గీశావు, అవునా? కాక్‌పిట్‌లోకి పెట్రోలు గొట్టాలు రాకూడదని నీ ఉద్దేశం. సరిగ్గా ఇదే ఉద్దేశంతో అమెరికాలో ఒకాయన లాంగ్-ఈజీ అనే విమానాన్ని ఇంట్లో కట్టుకున్నాడు. ప్లాన్ ప్రకారం సెలెక్టర్ పైలట్ కాళ్ల మధ్య ఉండాలి. ఈయన దాన్ని పైలట్ ఎడమ భుజం వెనక్కి మార్చాడు. తనకి అలవాటైపోయింది, ఏ ఇబ్బందీ రాలేదు. తర్వాత ఆ విమానం చేతులు మారి గాయకుడు జాన్ డెన్వర్ దగ్గరికొచ్చింది.

ఆ విమానంలో స్టిక్ కుడిపక్క ఉంటుంది, కుడిచేత్తో నడపాలి. సెలెక్టర్ తిప్పాలంటే ఆ కుడిచెయ్యే స్టిక్ వదిలి, ఒళ్లంతా ఎడమకి తిప్పి, భుజం వెనక వెతుక్కోవాలి. పెడల్స్ అందడానికి డెన్వర్ వీపు వెనక దిండు కూడా పెట్టుకున్నాడు. 1997 అక్టోబర్ 12న, బయల్దేరే ముందు, అక్కడి మెకానిక్‌తో ఈ హ్యాండిల్ అందట్లేదని మాట్లాడాడు కూడా. పట్టకారు బిగించి పొడుగు చేద్దామని చూశారు, కుదరలేదు. పెట్రోలు ఎంతుందో చూసే గొట్టాలు వెనకున్నాయి, సీట్లోంచి కనపడవు. గంటసేపే కదా, అవసరమైతే ఆటోపైలట్ వేసి తిప్పుకుంటాను అన్నాడు. మాంటెరే తీరం మీద 500 అడుగుల ఎత్తులో ఉండగా ఇంజిన్ చప్పుడు తేడా వచ్చింది. విమానం ముక్కెత్తి, కుడికి ఒరిగి, సముద్రంలోకి దూకింది.

దర్యాప్తు వాళ్లు అలాంటి సీట్లోనే కూర్చుని సెలెక్టర్ అందుకుని చూశారు. ఒళ్లు ఎడమకి తిప్పిన ప్రతిసారీ ఆసరా కోసం కుడికాలు తనంతట తనే కుడి రడ్డర్ పెడల్‌ని తన్నేస్తోంది. అర్థమైందా? చేయి స్టిక్ వదిలింది, కాలు పెడల్ తొక్కింది, మనిషి కళ్లు వెనక్కి ఉన్నాయి. కట్టినాయన చెడ్డవాడు కాదు, చేతకానివాడూ కాదు. గొట్టం ఎక్కడికెళ్లాలో ఆలోచించాడు, చేయి ఎక్కడికెళ్లాలో ఆలోచించలేదు.

నువ్వు గ్రిప్ మెత్తగా ఉందా లేదా అని చూస్తున్నావు. నేను చూసేది, ఆ గ్రిప్‌ని నీ చేత వదిలించేవి ఎన్నున్నాయా అని. బెల్టుతో బిగించుకుని కూర్చో, ఎడమ చేయి స్టిక్ మీద పెట్టు, కళ్లు మూసుకో. ఇంధనం, స్టిక్ బరువు తగ్గించే ట్రిమ్, దిగేటప్పుడు రెక్క అంచు దించే ఫ్లాప్, కరెంటు బ్రేకర్లు, డోరు లాక్, అన్నిటినీ కుడిచేత్తో తాకి రా. భుజం కదలకూడదు. ఏది అందకపోతే దాన్ని మార్చాలి, స్టిక్‌ని కాదు. ఆ పెన్సిల్ గుర్తు చెరిపేయ్, ప్లాన్‌లో ఎక్కడుందో అక్కడే పెట్టు.

గ్రిప్ మీద స్విచ్‌లు కూడా ఎక్కువయ్యాయి. రేడియోలో మాట్లాడే బటన్ చూపుడువేలికి, ట్రిమ్ బొటనవేలికి, అంతే చాలు. స్టార్టర్, ఫ్లాప్ అక్కడెందుకు? పొరపాటున నొక్కుతావు. పక్క సీటు ట్రిమ్ స్విచ్‌ని ఆపేసే ఏర్పాటు ఒకటి పెట్టు. వైర్లకి స్టిక్ అడుగున కాస్త వదులు ఉంచు. వైరు బయటకొచ్చే రంధ్రం వెల్డుకి దగ్గర్లో వేయకు, ట్యూబ్ ఎక్కువగా వంగే బలం పడేది అక్కడే.

మీ అమ్మ ఎప్పటికైనా ఎక్కుతుంది. "నేనెక్కను బాబోయ్" అంటుంది, మొదట వచ్చి కూర్చునేది అదే. దాని చేతి సంచీ సంగతి నీకు తెలుసు, రైల్లో అయినా పెళ్లిలో అయినా ఒళ్లోనే. ఆ సంచీ పట్టీ స్టిక్‌కి తగులుకుంటే? చీర కుచ్చెళ్ల మీద సంచీ, దాని మీద నీళ్ల సీసా, నువ్వేమో దిగేటప్పుడు స్టిక్ వెనక్కి లాగుతున్నావు, రెండు స్టిక్‌లూ కలిసే కదులుతాయి కదా, అది అటు సంచీకి ఆగిపోయింది. నవ్వకు. 2014 ఫిబ్రవరిలో బ్రిటన్ వాయుసేన వోయేజర్ విమానంలో కెప్టెన్ కెమెరా ఆర్మ్‌రెస్ట్‌కీ, పక్కనుండే చిన్న స్టిక్, అదే సైడ్‌స్టిక్‌కీ మధ్య ఇరుక్కుంది. సీటు ముందుకి జరపగానే అది స్టిక్‌ని ముందుకి నెట్టేసింది. అంత పెద్ద విమానం 4,400 అడుగులు పడిపోయాక గానీ అదుపులోకి రాలేదు. అందుకని పక్క సీటు స్టిక్ ఊడదీసి పెట్టేలా చేయించు, రెండు స్టిక్‌ల అడుగునా తోలు తొడుగు వేయి. ఫోనో పెన్నో ఆ గుంటలోకి దొర్లకూడదు. డేగాలో ఒక్క స్క్రూడ్రైవర్ లెక్క తేలకపోతే హెలికాప్టర్ కదిలేది కాదు, అందరం పొట్ట పట్టుకుని వెతికేవాళ్లం.

తిరిగే జాయింట్ ఎక్కడున్నా గాళ్లున్న కాజిల్ నట్, ఆ గాళ్లలోంచి దూర్చి వంచే కాటర్ పిన్. లోపల నైలాన్ రింగుతో పట్టే నైలాక్ నట్ వద్దు.

చివరిగా ఒకటి. చేయి నొప్పికి సగంసార్లు గ్రిప్ కారణం కాదు, స్టిక్ నుంచి తోక దాకా వెళ్లే రాడ్ల లింకేజీలో రాపిడి. ఫిషింగ్ హార్బర్‌లో చేపలు తూచే స్ప్రింగ్ కాటా ఉంటుంది కదా, దాని కొక్కెం గ్రిప్‌కి తగిలించి మెల్లగా లాగు. ముల్లు ఎక్కి ఎక్కి, స్టిక్ ఒక్కసారి జారినట్టు కదిలిందంటే ఎక్కడో పట్టేస్తోంది. కింది రాడ్ విప్పి మళ్లీ లాగు, ఎక్కడో తేలుతుంది. అమెరికాలో చిన్న విమానాలకి ఉన్న పాత పార్ట్ 23 నిబంధనల్లో ఎక్కువసేపు పట్టి ఉంచాల్సిన బలం ముందువెనకలకి 10 పౌండ్లు, పక్కలకి 5 పౌండ్లు దాటకూడదని ఉండేది. 10 పౌండ్లంటే నాలుగున్నర కిలోలు. అది హద్దు మాత్రమే, సుఖం అంతకంటే చాలా కిందుంటుంది.

ఆదివారం పొద్దున్నే పెందుర్తి వస్తున్నాను. కాటా నేను తెస్తాను. కుషన్, బెల్టులు, పెడల్స్ బిగించి ఉంచు. మీ అమ్మని కూడా రమ్మను, చీరలోనే, ఆ సంచీతో సహా. ఇద్దర్నీ బెల్టులు వేసి కూర్చోబెట్టి స్టిక్‌ని నాలుగు మూలలకీ తిప్పిస్తాను. వెనక ఎలివేటర్ స్టాప్‌కి తగిలిందో లేదో నేను తోక దగ్గర నిలబడి చూస్తాను. ఎక్కడైనా ఆగితే, ఆ తర్వాత ఏం కోయాలో ముగ్గురం కలిసి మాట్లాడుకుందాం. టిఫిన్‌కి ఇడ్లీ చాలు, నా పంటికి గట్టివి వద్దని చెప్పు.

మీ మావయ్య