భుజం గుంజుతాంది అంటే నవ్వొద్దు

కర్నూలు,
ఆదివారం రాత్రి

పాపా,

నీ పోస్టింగ్ సంగతి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆదోని దాటి హొళగుంద వైపు పీహెచ్‌సీ, డాక్టరువి నువ్వొక్కదానివే, రాత్రిళ్లు తోడు ఒక స్టాఫ్ నర్సు. "అంత దూరమా అక్కా?" అని అడిగింది. ధైర్యం చెప్పి ఫోన్ పెట్టేశాను గానీ, తర్వాత వాకిట్లో చాలాసేపు కూర్చుండిపోయాను. నేను ఉద్యోగం మొదలుపెట్టింది ఆ పడమటి పల్లెల్లోనే. మన ఇంట్లో రెండో డాక్టరమ్మ కూడా అక్కడికే పోతోందంటే గర్వంగా ఉంది. గర్వంతో పాటు భయం కూడా ఉంది. ఆ భయమే ఈ ఉత్తరం రాయిస్తోంది.

మామూలు సంగతులు తొందరగా చెప్పేస్తాను. నీళ్లు కాచి తాగు. క్వార్టర్స్ తాళం మార్పించు. ఏఎన్ఎంలతో, ఆశాలతో గొంతు పెంచొద్దు, ఊరు గురించి నీకంటే వాళ్లకే ఎక్కువ తెలుసు. పొద్దున పూట ఉగ్గాని బజ్జీ తిని రోజంతా గడిపేయొద్దు, మధ్యాహ్నం అన్నం తిను. అక్కడ చాలామంది ఇళ్లలో కన్నడం మాట్లాడతారు. "హొట్టె నోవు" అంటే కడుపు నొప్పి. ఆ రెండు మాటలు ముందు నేర్చుకో. ఈ ఉత్తరమంతా ఆ రెండు మాటల గురించే.

నవ్వకు. ఎక్టోపిక్ గురించి నీకు తెలియదని కాదు. నూరు గర్భాల్లో ఒకటో రెండో గర్భసంచి బయట నిలుస్తాయని, అందులో తొంభై శాతం పైగా గర్భసంచిలోకి అండం వచ్చే ట్యూబులోనే ఉంటాయని పరీక్షలో గడగడా రాసే ఉంటావు. నెల తప్పడం, నొప్పి, రక్తం కనబడటం అని మూడు లక్షణాలూ వరసగా చెప్తావు. పుస్తకంలో ఆ మూడూ ఒక్క వాక్యంలో కలిసి ఉంటాయి. ఓపీలోకి వచ్చే మనిషి మాత్రం ఒకటి నీకు చెప్తుంది, ఒకటి వార్డులో పనిచేసే ఆయమ్మకు చెప్తుంది, మూడోది ఎవరికీ చెప్పదు.

ఇంతవరకు మీ అమ్మకు కూడా చెప్పని సంగతి ఒకటి రాస్తున్నాను.

అది 1989, ఏప్రిల్ నెల. ఊరి పేరు వద్దులే. ఎండలు మండిపోతున్నాయి, బోర్లు అడుగంటాయి, రోజుకు పది పదిహేను మంది వాంతులు భేదులతో వస్తున్నారు. ఒకరోజు పదకొండు గంటలప్పుడు ఒకామె వచ్చింది. ముప్పై ఏళ్లు ఉండవు, ముగ్గురు పిల్లలు. రెండుసార్లు విరేచనమైందట, ఒకసారి వాంతి, కళ్లు తిరుగుతున్నాయంది. నాడి 96, బీపీ 100/70. పొట్ట మీద చేయి వేస్తే కొంచెం ముడుచుకుంది. బొడ్డు కింద కుటుంబ నియంత్రణ ఆపరేషన్ మచ్చ కనబడింది. బయట చేరి ఎన్నాళ్లయిందని అడగబోయి, ఆ మచ్చ చూసి ఊరుకున్నాను. సెలైన్ పెట్టించి, షీటులో గ్యాస్ట్రోఎంటరైటిస్ అని రాసి పక్క మంచం దగ్గరికి పోయాను.

కాసేపటికి ఆమె నన్ను పిలిచింది. "అమ్మా, పండుకుంటే కుడి భుజం గుంజుతాంది" అంది.

"బిందెలు మోసే భుజం గుంజక ఏం చేస్తుంది?" అన్నాను నేను. అని నవ్వాను. ఆమె కూడా నవ్వింది పాపా. డాక్టరమ్మ నవ్వింది కదా, భయం లేదనుకుంది.

రెండు గంటలప్పుడు మళ్లీ విరేచనం వస్తున్నట్టుందని లేచింది. ఆయమ్మ గట్టిగా అరిస్తే పరుగెత్తాను. బాత్రూం గడప దగ్గర పడిపోయి ఉంది. అరచేతులు సున్నం రాసినట్టు తెల్లగా ఉన్నాయి. నాడి దొరకలేదు. పొట్ట పొద్దున ఉన్నట్టు లేదు, ఉబ్బింది. అప్పుడు వెలిగింది నా బుర్రకు. యోని వెనక నుంచి సూది పెట్టి లాగితే సిరంజి నిండా నల్లటి రక్తం వచ్చింది. గాజు గొట్టంలో పోసి చూశాం, పది నిమిషాలైనా గడ్డ కట్టలేదు, అంటే కడుపులోకి కారిన రక్తమే. ఆయమ్మ అప్పుడు చెప్పింది, మూడు రోజుల కింద కొంచెం మరక కనబడిందని పొద్దున వచ్చినప్పుడే తనతో అందట.

మా దగ్గర రక్తం లేదు, మత్తు డాక్టరు లేడు. జీపు దొరికేసరికి అయిదు దాటింది. సెలైన్ సీసా పట్టుకొని నేనూ ఎక్కాను. కోడుమూరు దీపాలు కనబడే వేళకు నా చేతిలో ఉన్న ఆమె చేయి చల్లబడింది. వాళ్ల అత్త అడిగింది, "భేదులకే పోయిందామ్మా?" అని. నేను అవుననలేదు, కాదనలేదు. తిరిగొచ్చి షీటులో నేను రాసిన మాట కొట్టేసి దాని పక్కన ఎక్టోపిక్ అని రాశాను. ఆ ముసలామెకు మాత్రం ఇప్పటికీ జవాబు చెప్పలేదు.

తర్వాత కూర్చొని ఒక్కొక్కటే పేర్చుకున్నాను. కడుపులో కారిన రక్తం పడుకున్నప్పుడు పైకి పాకి, ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే డయాఫ్రమ్‌ను తాకుతుంది. అక్కడి నరం, భుజం నరం మెడలో ఒక్కచోటి నుంచే బయల్దేరతాయి. అందుకే మంట అక్కడ, నొప్పి ఇక్కడ. గర్భసంచి వెనక గుంటలో నిండిన రక్తం పెద్దపేగును ఒత్తుతుంటే మాటిమాటికీ విరేచనం వచ్చినట్టు ఉంటుంది. నేను దాన్నే భేదులనుకున్నాను. ఇక ఆపరేషన్ మచ్చ సంగతి. ఆపరేషన్ తర్వాత గర్భం రావడం అరుదే. కానీ వచ్చిందంటే దాదాపు మూడింట ఒకటి ట్యూబులోనే నిలుస్తుంది. నన్ను ఆపాల్సిన మచ్చ నాకు ధైర్యం ఇచ్చింది. నాడీ బీపీ కూడా అంతే. వయసులో ఉన్న ఒళ్లు రక్తనాళాలను బిగించి చివరిదాకా బీపీని నిలబెడుతుంది, తర్వాత ఒక్కసారిగా జారిపోతుంది. కొందరిలో నాడి వేగం కూడా పెరగదు. హిమోగ్లోబిన్ చూసి కూడా మోసపోవద్దు, రక్తం పోతున్న మొదటి గంటల్లో అది మామూలుగానే కనబడొచ్చు.

అందుకని నీకు ఒక మొండి నియమం పెడుతున్నాను. రజస్వల అయిన పిల్ల మొదలు ముట్లు ఆగని మనిషి దాకా, ఎవరు కడుపు నొప్పి అన్నా, కళ్లు తిరిగి పడిపోయినా, భుజం గుంజుతాంది అన్నా, గర్భం ఉందో లేదో తేలడానికి ముందు మూత్రం పరీక్ష. ఆపరేషన్ అయిందా, కాపర్ టీ ఉందా, పెళ్లయిందా, మొగుడు ఊళ్లో ఉన్నాడా అని అడుగు. జవాబు ఏదైనా పరీక్ష మాత్రం ఆపొద్దు. పెళ్లికాని పిల్లయితే వాళ్లమ్మను నీళ్లు తెమ్మని బయటికి పంపి అడుగు. ఆ పరీక్షకు ఆశాల దగ్గర నిశ్చయ్ కిట్లు ఉంటాయి. వాటి గడువు తేదీ ప్రతి నెలా నువ్వే చూడు, ఫార్మసిస్టుకు వదిలేయొద్దు. గతంలో ఎక్టోపిక్ అయిందా, ట్యూబుకు ఆపరేషన్ జరిగిందా, కటి భాగంలో ఇన్‌ఫెక్షనో టీబీనో వచ్చిందా, పిల్లల కోసం ట్రీట్‌మెంట్ తీసుకుందా అనేవి కూడా అడగాల్సినవే. కానీ సగం మందిలో ఇవేవీ ఉండవు. కారణం దొరకలేదని రోగం లేదనుకోవద్దు.

మా కాలంలో లేని గండం ఇంకొకటి ఇప్పుడు వచ్చింది. మెడికల్ షాపులో అబార్షన్ మాత్రలు కొని మింగేస్తున్నారు. ఆ మాత్రలు గర్భసంచిలోని గర్భానికే పనిచేస్తాయి, ట్యూబులో ఉన్నదాన్ని కదిలించవు. నొప్పి వచ్చినా, రక్తం పోయినా "మాత్రల వల్లే కదా" అని ఇంట్లోనే పడుకుంటారు. అడిగితే చెప్పరు. తిట్టే డాక్టరుకు అసలే చెప్పరు. నీకు నోరు ఎక్కువ, మీ నాన్న పోలిక. ఆ నోరు ఇక్కడ పనికిరాదు.

పరీక్ష పాజిటివ్, మనిషి బాగానే ఉంది అనుకో. స్కానింగ్‌కు పంపు, యోని ద్వారా చేసే స్కానింగే కావాలని చీటీలో రాయి. గర్భసంచిలో చిన్న తిత్తి కనబడిందని రిపోర్టు వస్తే ఊపిరి పీల్చుకోవద్దు. ఎక్టోపిక్‌లో కూడా గర్భసంచిలో కొంచెం నీరు చేరి తిత్తిలా మోసం చేస్తుంది. లోపల యోక్ శాక్, అంటే పిండానికి మొదట్లో ఆహారమిచ్చే చిన్న సంచి, కనబడిందా అని అడుగు. ఎక్కడా ఏమీ కనబడకపోతే గర్భం హార్మోను ఎంతుందో చెప్పే రక్తపరీక్ష బీటా హెచ్‌సీజీ, మళ్లీ 48 గంటలకు ఇంకోసారి. మొదటి అంకె 1500 లోపు ఉంటే, మంచి గర్భంలో అది రెండు రోజులకు కనీసం 49 శాతమైనా పెరగాలి. పెరిగినంత మాత్రాన ఎక్టోపిక్ కాదని కాదు. తగ్గుతున్న అంకెతో కూడా ట్యూబు పగిలిన వాళ్లను నేను చూశాను.

కోత లేకుండా ట్యూబులోని గర్భాన్ని ఆపే మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్ నువ్వు ఇవ్వవు, పెద్ద ఆస్పత్రిలోనే ఇస్తారు. చదరపు మీటరు ఒంటికి 50 మిల్లీగ్రాముల లెక్కన ఒక డోసు, నాలుగో రోజు, ఏడో రోజు అదే హెచ్‌సీజీ రక్తపరీక్ష. ఆ రెండింటి మధ్య అంకె 15 శాతం తగ్గితే మందు పనిచేస్తున్నట్టు. తర్వాత అంకె పూర్తిగా పడిపోయేదాకా వారం వారం చూస్తూనే ఉండాలి. ఆమె తిరిగొచ్చేది నీ పీహెచ్‌సీకే. అక్కడే చిక్కుంది. మన ఏఎన్ఎమ్మలు గర్భం అన్న మాట వింటే చాలు, ఐరన్ ఫోలిక్ యాసిడ్ మాత్రలు చేతిలో పెడతారు. ఫోలిక్ యాసిడ్ ఆ మందును చెడగొడుతుంది. ఆమె పేరు రిజిస్టరులో ఎర్ర పెన్నుతో రాసి మాత్రలు ఆపించు. నొప్పికి డైక్లోఫెనాక్ లాంటివి ఇవ్వొద్దు. మూడో రోజు, ఏడో రోజు మధ్య కొంచెం నొప్పి మందు వల్లే రావొచ్చు, కానీ పగిలిన నొప్పా, మందు నొప్పా అని నీ గదిలో కూర్చొని తేల్చొద్దు, పంపించు. మూడు నెలలు మళ్లీ గర్భం రాకుండా చూసుకోవాలని మొగుడికి కూడా చెప్పు. ఇంకొక మాట. కోసిగి, కౌతాళం వైపు వాళ్లు సుగ్గికని గుంటూరుకు మిరపకాయలు కోయడానికి పోతారు. వారం తర్వాత బండెక్కే మనిషికి ఆ ఇంజెక్షన్ వైద్యం కుదరదు. ఆ సంగతి రిఫరల్ చీటీలో రాయి. నీకు తప్ప ఆ విషయం అక్కడి వాళ్లకు ఎవరు చెప్తారు?

మనిషి తెల్లబడి వచ్చిందంటే ఇవన్నీ పక్కన పెట్టు. పరీక్ష పాజిటివ్, కడుపులో నొప్పి, నాడి నిలకడగా లేదు, ఇంతే చాలు. స్కానింగ్ కోసం ఆపొద్దు. రెండు చేతులకూ లావు సూదులు, 16 గేజి దొరక్కపోతే 18. గ్రూపుకు రక్తం తీసి ట్యూబు ఆమెతోనే పంపు. నోటికి ఏమీ ఇవ్వొద్దు. సీసాల మీద సీసాలు ఎక్కించి బీపీని 120కి తేవాలని చూడకు, రక్తం ఇంకా పోతుంది. మనిషి మాట్లాడుతూ, పై అంకె తొంభై దగ్గర నిలబడితే చాలు. 108కి ఫోన్ చేసిన చేత్తోనే పంపే ఆస్పత్రి డాక్టరుకు ఫోన్ చేసి "పగిలిన ఎక్టోపిక్, రక్తం సిద్ధం చేయండి" అని నీ నోటితో చెప్పు. ఫలానా గ్రూపు అని చెప్పి ఆమె తమ్ముణ్ణో మరిదినో రక్తం ఇవ్వడానికి వెంట పంపు. నిన్ను వేడుకునేది ఒక్కటే. అలాంటి మనిషిని బాత్రూంకు ఒంటరిగా పంపకు. బెడ్‌పాన్ పెట్టించు, ఎవరు ఏమనుకున్నా సరే.

కొన్నేళ్లకు నేను పెద్దాసుపత్రికి బదిలీ అయ్యాక ఒక రాత్రి అలాంటి కేసే వచ్చింది. ఆమె గ్రూపు రక్తం దొరకలేదు. కడుపు కోయగానే మా ప్రొఫెసరు గరిటెతో ఆ రక్తాన్నే ఎత్తి, నాలుగు మడతల గాజుగుడ్డలో వడకట్టి, సీసాలో పోసి మళ్లీ ఆమెకే ఎక్కించమన్నారు. గరిటె పట్టుకున్నది నేనే. ఎంత వణికానో! ఆ ట్యూబు తీసేశాం. రెండేళ్ల తర్వాత రెండో ట్యూబుతోనే ఆమెకు ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లను ఎత్తుకొని వచ్చినప్పుడు నేను మందుల గదిలోకి పోయి ఏడ్చాను, ఆమె కోసం కాదు.

ఆపరేషన్ అయిపోయాక కూడా వాళ్లను వదిలేయకు. గ్రూపు నెగటివ్ అయితే, తర్వాతి బిడ్డకు ముప్పు రాకుండా వేసే యాంటీ డీ సూది వేశారో లేదో డిశ్చార్జి కాగితంలో చూడు. పది మందిలో ఒకరికి మళ్లీ అలాగే అవుతుంది కాబట్టి, ఇంకోసారి నెల తప్పగానే ఆరో వారంలో స్కానింగ్ చేయించుకోమని చెప్పు. బతికి బయటపడిందని అందరూ సంతోషిస్తారు. ఆమెకు మాత్రం ఒక బిడ్డ పోయింది. దాని గురించి ఎవరూ మాట్లాడరు. నువ్వు ఒక నిమిషం కూర్చో. సలహాలు ఇవ్వొద్దు, కూర్చో చాలు. నీ చిన్నప్పుడు జ్వరమొస్తే నా చీర కొంగు పట్టుకొని పడుకునేదానివి, గుర్తుందా? ఏమీ మాట్లాడే పని ఉండేది కాదు.

చాలా రాశాను. కళ్లజోడు మార్చాలి, అక్షరాలు వంకర పోతున్నాయి. మీ నాన్న చేత ఒక పెట్టె పంపుతున్నాను. అందులో కొర్రబియ్యం, శనక్కాయల పొడి, నాలుగు డజన్ల మూత్రం కిట్లు ఉన్నాయి. సర్కారు కిట్లు అయిపోయిన రోజు అవి తీయి. మొదటి జీతం వచ్చాక ఒక ఆదివారం ఇంటికి రా. వచ్చేటప్పుడు మీ పీహెచ్‌సీ గేటు నుంచి ఆదోనికి ఎంతసేపు పట్టిందో, ఆదోని నుంచి కర్నూలు పెద్దాసుపత్రి గేటుకు ఎంతసేపు పట్టిందో గడియారం చూసి కాగితం మీద రాసుకొని రా. పగలు ఒకసారి, రాత్రి ఒకసారి.

మీ పెద్దమ్మ