టెక్ సందేహాలు: ఆధార్ ప్రింటు మీద ఆ ప్రశ్న గుర్తేంటి?

ప్రశ్న: మా అబ్బాయి అడ్మిషన్ కోసం ఈ-ఆధార్ డౌన్‌లోడ్ చేసి, మద్దిలపాలెంలో ప్రింటు తీయించాను. సంతకం చోట పసుపు రంగు ప్రశ్న గుర్తు, 'వాలిడిటీ అన్‌నోన్' అన్న మాట పడ్డాయి. కౌంటర్లో 'ఇది అసలుదేనా?' అన్నారు. ఏం చేయాలి సార్? - ఒక పాఠకుడు, సీతమ్మధార

అసలుదే, టెన్షన్ పడకండి. అది డిజిటల్ సంతకం. పెట్టినవాళ్లెవరో మీ కంప్యూటర్‌కి ఇంకా తెలీదు, అంతే. ఫైల్‌ని కంప్యూటర్లో అక్రోబాట్ రీడర్‌తో తెరవండి. ఫోన్‌లో ప్రయత్నించి విసిగిపోవద్దు. పాస్‌వర్డ్ తెలుసుగా? పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు క్యాపిటల్‌లో, వెంటనే పుట్టిన సంవత్సరం. ప్రశ్న గుర్తు మీద రైట్ క్లిక్ చేసి 'వాలిడేట్ సిగ్నేచర్', తర్వాత 'సిగ్నేచర్ ప్రాపర్టీస్', అందులో 'షో సైనర్స్ సర్టిఫికెట్' నొక్కండి. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి సంతకం ఎవరిదో, సర్టిఫికెట్ ఎవరిచ్చారో చదవండి. సరిగ్గా ఉంటేనే 'ట్రస్ట్' ట్యాబ్‌లో నమ్మకమైనవాళ్ల జాబితాలో చేర్చండి. చూడకుండా నొక్కుతూ పోతే నకిలీ సంతకానికైనా పచ్చ టిక్కు పడుతుంది! మళ్లీ వాలిడేట్ చేస్తే ప్రశ్న గుర్తు పోతుంది.

అయితే ప్రింటు మీద కనిపించే టిక్కు ఉత్త బొమ్మే. ఫైల్‌లో ఒక్క అక్షరం మార్చినా సంతకం పట్టేస్తుంది, కాగితానికి ఆ తెలివి లేదు. కాగితం ఇస్తే కౌంటర్లో చూడాల్సింది క్యూఆర్ కోడ్‌ని. ఇంకో మాట. చాలామంది ప్రింటు తీసి, దాన్నే మళ్లీ స్కాన్ చేసి ఆన్‌లైన్ ఫారానికి పెడుతున్నారు. అసలు పారేసి జిరాక్స్ దాచుకోవడమే అది. డౌన్‌లోడ్ చేసిన ఫైల్‌నే పెట్టండి.

ప్రశ్న: బీచ్ రోడ్డులో బండి ఆపారు. లైసెన్స్ ఫొటో ఫోన్‌లో చూపిస్తే ఒప్పుకోలేదు. పత్రాలు దాచుకునే ప్రభుత్వ యాప్ డిజిలాకర్‌లోనే ఉంది కదా! - గాజువాక నుంచి

డిజిలాకర్‌లో ఎక్కడుందో చూశారా? మీరు ఫొటో తీసి అప్‌లోడ్ చేసినది మీ బీరువాలో కాగితం లాంటిదే. రవాణా శాఖ నుంచి నేరుగా వచ్చి 'ఇష్యూడ్' కింద కనిపించేదే చెల్లుతుంది. 2017 ఫిబ్రవరి నాటి నిబంధన దాన్ని అసలుతో సమానం చేసింది. లైసెన్స్ నంబరు కొట్టి ఈ రాత్రే తెచ్చుకోండి. పేరు ఆధార్‌తో కలవకపోతే మొరాయించవచ్చు.

ప్రశ్న: రాష్ట్ర ప్రభుత్వ 'మన మిత్ర' సేవ పేరుతో మా మావయ్యగారికి యాప్ వేసుకునే ఏపీకే ఫైల్ వచ్చింది. వేసుకోమంటారా? - పెందుర్తి నుంచి

వద్దు, వెంటనే డిలీట్ చేయించండి. 2025 జనవరి 30న మొదలైన మన మిత్ర వాట్సాప్‌లోనే నడుస్తుంది. 95523 00009కి 'హాయ్' అని పంపితే చాలు. ఇలాంటి ఏపీకేలు మెసేజ్‌లు చదివే అనుమతి అడిగేది ఓటీపీల కోసమే. ఆయన ఇప్పటికే వేసేసుంటే ముందు డేటా ఆపి, మీ ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పండి. డబ్బు పోయి ఉంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే కాల్ చేయండి, తెల్లారేదాకా ఆగకండి.