గీత కనిపిస్తే ఎముక అతకనట్టేనా?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. బైకు జారి పడి ఎడమ మోకాలి కింద పెద్ద ఎముక విరిగింది. చర్మం చిట్లలేదు, లోపల రాడ్డు వేశారు. నాలుగు నెలలైంది. చేతికర్రతో నడుస్తున్నాను. నొప్పి బాగా తగ్గింది. కానీ మొన్నటి ఎక్స్‌రేలో విరిగిన గీత ఇంకా కనిపిస్తోంది. పుత్తూరు వెళ్లి కట్టు కట్టించుకోమని మేనత్త, నల్లేరు తినమని అమ్మ పట్టుబడుతున్నారు. రోజుకు ఆరేడు సిగరెట్లు తాగుతాను. మళ్లీ ఆపరేషన్ తప్పదా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: గీత చెరిగిపోక ముందే కాలు గట్టిపడుతుంది. అందుకే ఒక్క ఫిల్ము చూపించి తీర్పు చెప్పమంటే నేను చెప్పను. మొదటి రోజు నుంచి తీసినవన్నీ వరుసగా పెట్టి చూడాలి. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి తీస్తే ఎముక గోడలు నాలుగు కనిపిస్తాయి. కనీసం మూడింటి మీద కొత్త ఎముక ఈ ముక్క నుంచి ఆ ముక్కకు వంతెన కట్టిందా అన్నదే మా లెక్క. గోడకు 1 నుంచి 3 వరకు మార్కులు వేసే పద్ధతీ ఉంది. కొత్త ఎముక పుట్టి, గీత కూడా కనిపిస్తుంటే 2 వేస్తాం. అంటే మీ గీత సున్నా మార్కు కాదు.

ఇక కాలు చెప్పే మాట. విరిగిన చోట నొక్కితే నొప్పి ఉందా, బరువు మోపితే కలుక్కుమంటుందా అన్నది మీ డాక్టరు చూస్తారు. నెలనెలా నొప్పి తగ్గుతోందంటే మంచిదే. తగ్గింది మళ్లీ పెరిగినా, చీము కారినా ఒక్క రోజు ఆగకండి. తొమ్మిది నెలలు నిండి, చివరి మూడు నెలల ఫిల్ముల్లో అతుకు ముందుకు సాగకపోతే అప్పుడు ‘అతకలేదు’ అని సాధారణంగా అంటాం. మీరింకా సగం దూరమైనా రాలేదు.

నాకు కోపం తెప్పించింది గీత కాదు, ఉత్తరం చివర ఎవరి కంటా పడకూడదన్నట్టు రాసిన సిగరెట్లు. ఆ ఎముక ముందువైపు కండ లేదు, చర్మమే కప్పు. అసలే రక్తం అంతంత మాత్రం, దాన్ని పొగ ఇంకా తగ్గిస్తుంది. ఈ పూటే మానేయండి. షుగరు పరీక్ష కూడా చేయించుకోండి.

ఎముకను కదలనివ్వకపోవడమే కట్టు చేసే పని. ఆ పని మీకు లోపలి రాడ్డు చేస్తోంది. పైన మళ్లీ బిగిస్తే చీలమండ బిగుసుకుపోతుంది. మేనత్తగారికి ఈ మాట నా పేరున చెప్పండి.

నల్లేరు పచ్చడి తినండి. ఎముక కోసం కాదు, బాగుంటుంది కనుక. లేత కణుపులు ఏరి, నార తీసి, నూనెలో బాగా వేయించమనండి. లేకపోతే నాలుక దురద.