టెక్ సందేహాలు: మళ్లీ ఆట మొదలుపెట్టేవాళ్లు అడగాల్సిన ప్రశ్నలు

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఏటా వచ్చే స్పోర్ట్స్ గేమ్‌ల గురించే. చదువు వల్లో, ఉద్యోగం వల్లో కొన్నేళ్లు ఆట మానేసి, ఇప్పుడు మళ్లీ మొదలుపెడదామనుకునేవాళ్లు రాశారు. ఈ ఏడాది కొత్తగా ఏం పెట్టారని ఒక్కరూ అడగలేదు. మధ్యలో ఆగిపోకుండా నడుస్తుందా, నా కంప్యూటర్‌లో ఏమేం ఎక్కిస్తుంది, కొన్నది ఎన్నాళ్లు ఉంటుంది అని అడిగారు. కంపెనీలు ప్రకటనల్లో చెప్పనివి కూడా ఇవే. కాబట్టి ఈసారి శీర్షికంతా వీటికే ఇచ్చాను.

ప్రశ్న: ఫిఫా 19 తర్వాత ఆట మానేశాను. ఇప్పుడు పీసీలో ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ 26 (ఫిఫా ఆటలకు ఇప్పటి పేరు) కొంటే, తెరవగానే ‘సెక్యూర్ బూట్’ ఆన్ చేయమంటోంది. ఫుట్‌బాల్ ఆటకీ, కంప్యూటర్‌ను లేపే బయోస్‌కీ ఏం సంబంధం? ఏదైనా మారిస్తే విండోస్ పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. - ఖమ్మం నుంచి ఒక పాఠకుడు

మీరు లేని ఈ కొన్నేళ్లలో పీసీ ఆటల్లో పెద్ద మార్పు వచ్చింది. 2022 సెప్టెంబరులో వచ్చిన ఫిఫా 23తో ఆ ఆటల కంపెనీ ఈఏ, ఆటలో మోసాలను పట్టే తన సొంత యాంటీచీట్ ప్రోగ్రామ్‌ను తెచ్చింది. అది కెర్నల్ స్థాయిలో, అంటే విండోస్ గుండెకాయ లాంటి భాగంలో పనిచేస్తుంది. మామూలు ప్రోగ్రామ్‌లకు లేని అధికారాలు దానికి ఉంటాయి. విడుదలైన మొదటి రోజుల్లో ఆ యాంటీచీట్ ఎర్రర్ వల్లే చాలామందికి ఆట తెరుచుకోలేదు. డబ్బు కట్టి కొన్నవాళ్లు బయటే ఉండిపోయారు. పీసీ ఆటలు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో ఆ ఆట సమీక్షలు వ్యతిరేకతతో నిండిపోయాయి.

ఆ తర్వాత మోసం చేసేవాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. విండోస్ లేవకముందే తమ ప్రోగ్రామ్‌ను లోడ్ చేసి, యాంటీచీట్ కంటపడకుండా దాచడం మొదలుపెట్టారు. దానికి విరుగుడే సెక్యూర్ బూట్. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు గుర్తింపు సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే అది లోపలికి రానిస్తుంది. నిజానికి ఇది భద్రతకు మంచిదే. ఆట కోసం కాకపోయినా ఆన్‌లో ఉంచుకోవచ్చు.

ముందు విండోస్ సెర్చ్‌లో ‘సిస్టమ్ ఇన్ఫర్మేషన్’ తెరవండి. అందులో ‘బయోస్ మోడ్’ దగ్గర యూఈఎఫ్ఐ (బయోస్ కొత్త రూపం) అని ఉంటే పని తేలిక. బయోస్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ ఆన్ చేస్తే సరిపోతుంది. ‘లెగసీ’ అని ఉంటే మాత్రం తొందరపడకండి. మీ డిస్క్‌ను భాగాలుగా విడదీసింది పాత ఎంబీఆర్ పద్ధతిలో అన్నమాట. దాన్ని ముందు కొత్త పద్ధతి అయిన జీపీటీకి మార్చాలి. డేటా చెరిపేయకుండా ఈ పని చేసే ‘ఎంబీఆర్2జీపీటీ’ అనే టూల్ విండోస్‌లోనే ఉంది. అది పూర్తయ్యాకే బయోస్‌లో లెగసీ నుంచి యూఈఎఫ్ఐకి మారాలి, ఆ తర్వాతే సెక్యూర్ బూట్. ఈ వరస తప్పితే విండోస్ లేవదు. మీరు భయపడుతున్నది దీని గురించే అయితే ఆ భయంలో అర్థముంది. ఏది ముట్టుకునే ముందైనా ఫైళ్లు బ్యాకప్ తీసుకోండి. డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోండి. బయోస్ మారగానే విండోస్ దాన్ని అడగొచ్చు.

ఇక కెర్నల్ సంగతి. ఆట నడుస్తున్నప్పుడు మాత్రమే తమ యాంటీచీట్ పనిచేస్తుందనీ, దాన్ని వాడే ఆటలన్నీ తీసేస్తే అదీ పోతుందనీ ఈఏ ప్రకటించింది. ఆ మాట చెప్పడం మంచిదే. అయితే కొన్నాక వెతుక్కునే చోట కాదు, ధర పక్కనే అది కనపడాలి. ఈ విషయంలో స్టీమ్ చేసిన పని నాకు నచ్చింది. 2024 అక్టోబరు నుంచి కెర్నల్ స్థాయి యాంటీచీట్ ఉన్న ప్రతి ఆటా తన స్టోర్ పేజీలోనే ఆ సంగతి చెప్పాలని నిబంధన పెట్టింది. కొనే ముందు ఆ పేజీలో కుడివైపు ఉండే వివరాలు తప్పకుండా చదవండి.

ప్రశ్న: నేను ఎఫ్‌సీలో ఆడేది కెరీర్ మోడ్ (ఒక్కడినే సీజన్ల తరబడి ఆడుకునే పద్ధతి) ఒక్కటే. సెప్టెంబరులో విడుదల కాగానే కొనాలా, ఆగాలా? అప్‌డేట్‌లో ఏం మార్చారో చెప్పే ప్యాచ్ నోట్స్ చూసి తెలుసుకుందామంటే ‘స్థిరత్వం మెరుగుపరిచాం’ తప్ప ఇంకేమీ కనపడదు. - విశాఖపట్నం

ఆగండి. ఆన్‌లైన్ మ్యాచ్‌లు ఆడేవాళ్లకు మొదటి రోజు నుంచే ఉండాల్సిన కారణాలు ఉంటాయి. మీకు అలాంటి తొందర లేదు. ఎఫ్‌సీ సిరీస్ సెప్టెంబరు చివరి వారంలో వస్తుంది, మొదటి పెద్ద అప్‌డేట్లు ఆ తర్వాత వారాల్లో పడతాయి. సంవత్సరాంతపు సేల్ నాటికి ఆట కుదుటపడుతుంది, ధరా దిగుతుంది. అంతవరకు ఆగలేకపోతే ఈఏ ప్లే సభ్యత్వంలో పది గంటల ట్రయల్ ఇస్తున్నారు. కెరీర్ మోడ్‌లో ఒక సీజన్ మొదలుపెట్టి, ట్రాన్స్‌ఫర్ విండో దాటి చూడటానికి అది చాలు. స్టీమ్‌లో కొంటే, కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకముందు అడిగితే డబ్బు వెనక్కి వస్తుంది. ప్లేస్టేషన్ స్టోర్‌లో ఆ వెసులుబాటు లేదు. డౌన్‌లోడ్ మొదలుపెట్టాక రీఫండ్ అడగడం కష్టం. ఈ తేడా తెలియక నష్టపోయేవాళ్లు చాలామంది ఉన్నారు.

ప్యాచ్ నోట్స్ గురించి మీరు అన్న మాట నాకు చాలా ముఖ్యంగా తోచింది. ‘స్థిరత్వం మెరుగుపరిచాం’ అనే వాక్యం వల్ల ఆటగాడికి ఏ ఉపయోగమూ లేదు. ఏ మోడ్‌లో, ఏం చేస్తున్నప్పుడు ఆట ఆగిపోయేది, ఇప్పుడది పూర్తిగా పోయిందా, కొందరికి ఇంకా మిగిలే ఉందా అన్నది చెబితేనే అది సమాచారం. కెరీర్ సేవ్ పాడయ్యే బగ్ ఒకటి ఉందని ముందే తెలిస్తే సేవ్‌కు ఇంకో కాపీ పెట్టుకుంటాం. తెలియకపోతే మూడు సీజన్ల శ్రమ ఒక్క రాత్రిలో పోతుంది. తెలిసిన లోపాల జాబితాను బహిరంగంగా ఉంచడం పరువు తక్కువ పని కాదు. కొన్నవాళ్లకు ఇవ్వాల్సిన గౌరవం అది.

ఈఏను ఇక్కడ పూర్తిగా తప్పుపట్టలేం. ‘పిచ్ నోట్స్’ పేరుతో ఇచ్చే అప్‌డేట్ల వివరాలు ఇప్పుడు చాలా పొడవుగా, మోడ్‌ల వారీగా ఉంటున్నాయి. ఎఫ్‌సీ 26లో ఆట తీరును ‘అథెంటిక్’, ‘కాంపిటీటివ్’ అని రెండుగా విడదీశారు. కెరీర్ ఆడేవాళ్లకు మొదటిది, ఆన్‌లైన్ పోటీలకు రెండోది. ఆన్‌లైన్ వాళ్ల ఫిర్యాదుల కోసం వేసిన ప్యాచ్ మీ ఆటను కూడా మార్చేయడం చాలా ఏళ్లుగా ఉన్న బాధ. ఆటగాళ్ల మాట విని చేసిన మార్పు ఇది. మీలాంటివాళ్లు తిరిగి రావడానికి నాకు కనిపిస్తున్న గట్టి కారణం కూడా ఇదే.

సమీక్షలు చూసేటప్పుడు స్టీమ్‌లో మొత్తం రేటింగ్‌ను పక్కన పెట్టి, గత 30 రోజుల సమీక్షలు చూడండి. వాటిలోనూ మీ గ్రాఫిక్స్ కార్డ్ పేరుతో వెతకండి.

ప్రశ్న: ఫుట్‌బాల్ మేనేజర్ 2024 ఆడుతున్నాను. మధ్యలో ఒక ఏడాది ఆటే రాలేదు. అలాంటి కంపెనీని నమ్మి కొత్తది కొనొచ్చా? - హైదరాబాద్

ఆట రాని ఆ ఏడాదే ఆ కంపెనీ మీద నాకు నమ్మకం పెంచింది. దాన్ని తయారుచేసే స్పోర్ట్స్ ఇంటరాక్టివ్ తమ ఆటను యూనిటీ ఇంజిన్‌లోకి, అంటే ఆటకు పునాది లాంటి కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి, మార్చే పెద్ద పని పెట్టుకుంది. విడుదల వాయిదా పడింది. చివరికి 2025 ఫిబ్రవరిలో, తాము అనుకున్న స్థాయికి ఆట రాలేదని ఒప్పుకుని ఫుట్‌బాల్ మేనేజర్ (ఎఫ్‌ఎం) 25ను పూర్తిగా రద్దు చేసింది. ముందే డబ్బు కట్టినవాళ్లకు వెనక్కి ఇచ్చింది. అంతకుముందే, ఏ ఫీచర్లు ఈసారి ఉండవో కూడా పేర్లతో సహా చెప్పింది. ఏటా డబ్బు తెచ్చే సిరీస్‌లో ఒక ఏడాదిని వదులుకోవడం చిన్న విషయం కాదు.

దీనికి ఎదురుగా వేరేచోట ఏం జరిగిందో చూడండి. 2019లో వచ్చిన రెజ్లింగ్ ఆట డబ్ల్యూడబ్ల్యూఈ 2కే20 బగ్స్‌తో నవ్వులపాలైంది. 2020 జనవరి 1న క్యాలెండర్ మారగానే ఆట తెరుచుకోవడమే మానేసింది. కంప్యూటర్ తేదీని వెనక్కి జరిపితే పనిచేసేది! ఆ దెబ్బతో మరుసటి ఏడాది ఆటను ఆపుకుని, 2022 మార్చిలో 2కే22తో మళ్లీ వచ్చారు. అది చాలా మెరుగ్గా వచ్చింది. కొనామీ కంపెనీ 2021 సెప్టెంబరు 30న వదిలిన ఈఫుట్‌బాల్ 2022 అయితే ఆటగాళ్ల ముఖాలే వింతగా కనపడే స్థితిలో వచ్చింది. క్షమాపణ చెప్పి, అసలైన 1.0 వెర్షన్ ఇవ్వడానికి 2022 ఏప్రిల్ దాకా పట్టింది. ఈ రెండు చోట్లా తయారుకాని ఆటను ముందు జనం మీదికి వదిలారు. బాగుచేయడం ఆ తర్వాత. ఎఫ్‌ఎం 25 విషయంలో ఆ దెబ్బ జనందాకా రాలేదు.

అలాగని ఎఫ్‌ఎం 26ను కళ్లు మూసుకుని కొనమనను. 2025 నవంబరు 4న వచ్చినప్పుడు కొత్త మెనూల అమరిక మీద స్టీమ్‌లో బాగా అసంతృప్తి కనిపించింది. ఏళ్ల తరబడి అలవాటైన స్క్రీన్లు మారిపోతే పాతవాళ్లకు చిరాకు సహజం. డెమో ఉంటే ముందు అది ఆడండి. లేకపోతే రీఫండ్ గడువులో మూడు నాలుగు మ్యాచ్‌లు ఆడి తేల్చుకోండి. మీ 2024 సేవ్ బాగా నడుస్తుంటే, దాన్ని వదిలి రావాల్సిన తొందర లేదు.

ప్రశ్న: 85వ నిమిషం దాకా గెలుస్తుంటాను. తర్వాత నా ఆటగాళ్లు పాస్‌లు ఇవ్వడం మర్చిపోతారు. ఆటే కావాలని ఓడిస్తోందని స్నేహితులు అంటున్నారు. ఈ ‘స్క్రిప్టింగ్’ నిజమా? - బెంగళూరులో చదువుకుంటున్న గుంటూరు విద్యార్థి

ఈ అనుమానానికి ఒక మూలం ఉంది. ఆటగాడి తీరును బట్టి కష్టాన్ని పెంచే, తగ్గించే పద్ధతి మీద ఈఏకు పేటెంట్ ఉంది. దాన్ని పట్టుకుని 2020 నవంబరులో కాలిఫోర్నియాలో ముగ్గురు ఆటగాళ్లు కేసు వేశారు. ఫిఫా ఆటల్లో దాన్ని వాడలేదని ఈఏ మొదటి నుంచీ చెబుతోంది. ఇంజినీర్లతో మాట్లాడించి, సాంకేతిక వివరాలు చూపించాక 2021లో వాళ్లు కేసు వెనక్కి తీసుకున్నారు. ఉన్న ఆధారాల ప్రకారం స్క్రిప్టింగ్ ఉందనడానికి ఏమీ లేదు. పేటెంట్ తీసుకోవడం వేరు, ఆటలో పెట్టడం వేరు.

చివరి నిమిషాల్లో అలా అనిపించడానికి వేరే కారణాలు ఉన్నాయి. ఆటగాళ్ల స్టామినా పడిపోతే పాస్‌ల కచ్చితత్వం తగ్గుతుంది. ఎదుటి జట్టు దాడికి దిగుతుంది. ఆన్‌లైన్‌లో నెట్ ఆలస్యం వల్ల మీరు నొక్కిన బటన్ క్షణం తర్వాత పనిచేస్తుంది. వైఫై వదిలి కేబుల్ పెట్టి చూడండి, 70వ నిమిషంలో సబ్‌స్టిట్యూట్లను దింపండి. తేడా మీకే తెలుస్తుంది.

అయినా, కోర్టు దాకా వెళ్తే గానీ ఆ వివరాలు బయటికి రాలేదన్న బాధ నాకుంది. అదీ ఆ ముగ్గురికే చూపించారు. ప్యాక్‌లలో, అంటే ఆటలో కొనే ఆటగాళ్ల కార్డుల కట్టల్లో, ఏ రకం కార్డు ఎంత శాతం అవకాశంతో వస్తుందో ఫిఫా 19 నుంచి చూపిస్తున్నారు కదా. అలసట, ఆలస్యం, పాస్ తప్పడం ఎలా లెక్కిస్తారో కూడా అంత తేటగా రాసి పెడితే ఈ పుకార్లు సగం చచ్చిపోతాయి.

ప్రశ్న: పాత ఎన్‌బీఏ 2కే (బాస్కెట్‌బాల్ ఆట) డిస్క్ దొరికింది, సగం మోడ్‌లు తెరుచుకోవడం లేదు. డిస్క్ పాడైందా? - కర్నూలు

డిస్క్ బాగానే ఉండి ఉంటుంది. పోయింది సర్వర్. ఈ సిరీస్‌లో ఒక్కో ఆటకు ఆన్‌లైన్ సేవలు సుమారు రెండేళ్లే ఉంటాయి. ఎన్‌బీఏ 2కే20 సర్వర్లు 2021 డిసెంబరు 31న మూసేశారు. సర్వర్‌తో ముడిపడ్డ మోడ్‌లు, సేవ్‌లు వాటితోపాటే పోతాయి. క్విక్ గేమ్ లాంటివి ఇప్పటికీ ఆడుకోవచ్చు. ఆగిపోయే తేదీని అట్ట మీద ముద్రించాలని నా కోరిక. తినే వస్తువు మీద గడువు తేదీ వేస్తారు, వేలు పోసి కొనేదాని మీద వేస్తే తప్పేంటి? డిజిటల్‌గా కొన్నది సొంతం కాదు, లైసెన్స్ మాత్రమేనని కొనేటప్పుడే చెప్పాలంటూ కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి ఒక చట్టం అమల్లోకి వచ్చింది. మన దేశంలో కూడా అలాంటిది రావాలి.

ప్రశ్న: ఇవన్నీ వద్దు, నాకు నా క్రికెట్ 07 చాలు. విండోస్ 11లో నడుస్తుందా? - నెల్లూరు

2006లో వచ్చిన ఆటను ఇన్నేళ్లుగా బతికిస్తున్నది అభిమానులే. జట్లు, జెర్సీలు, స్టేడియాలు మార్చే ప్యాచ్‌లు ఇప్పటికీ తయారవుతూనే ఉన్నాయి. ఈఏ ఆ తర్వాత పీసీకి క్రికెట్ ఆట తీసుకురాలేదు. ఇప్పుడు ఆ లోటును తీరుస్తున్నది ఆస్ట్రేలియాకు చెందిన బిగ్ ఆంట్ స్టూడియోస్. 2023 అక్టోబరులో వచ్చిన క్రికెట్ 24 వాళ్లదే.

మీ డిస్క్ విండోస్ 11లో మొరాయిస్తే ఒక కారణం ఇదీ కావచ్చు. ఆ కాలపు డిస్కుల్లో చాలావాటికి కాపీ చేయకుండా సేఫ్‌డిస్క్ అనే తాళం ఉండేది. అది విండోస్‌లో ఒక డ్రైవర్ మీద ఆధారపడేది. ఆ డ్రైవర్‌లో భద్రతా లోపాలు ఉన్నాయని విండోస్ 10 నుంచి మైక్రోసాఫ్ట్ దాన్ని ఆపేసింది. ఆట బాగున్నా తాళం తెరుచుకోదు. నేటి కెర్నల్ యాంటీచీట్‌లను ఆటతో గట్టిగా ముడివేస్తున్న కంపెనీలు ఇరవై ఏళ్ల తర్వాతి సంగతి ఇప్పుడే ఆలోచించాలి.

మీకు తేలికైన మార్గం, విండోస్ 7 ఉన్న పాత కంప్యూటర్‌ను నెట్ కనెక్షన్ లేకుండా ఈ ఆటకే ఉంచుకోవడం. ప్యాచ్‌లు దింపేటప్పుడు ‘యాంటీవైరస్ ఆపి ఇన్‌స్టాల్ చేయండి’ అని ఎవరైనా చెబితే ఆ ఫైల్‌ను వదిలేయండి. ఆటను ‘ప్రోగ్రామ్ ఫైల్స్’లో కాకుండా వేరే ఫోల్డర్‌లో పెట్టండి. ప్యాచ్ వేసే ముందు మొత్తం ఫోల్డర్‌ను ఒక పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసుకోండి.