సమాధానం: గోమారి తల లోపలే తెగిపోతే

మామిడి తోటలో పొదలు కొట్టాక కాళ్ళకు గోమార్లు (రక్తం తాగే పిడుదులు) పట్టాయని, కిరోసిన్ పోసి లాగితే తల లోపలే తెగిందని రాశారు కదండీ. తెగిన ముక్కకు బెంగ అక్కర్లేదు. సూదితో గెలికితేనే పుండవుతుంది. సబ్బుతో కడిగి వదిలేస్తే చర్మమే దాన్ని బయటికి నెట్టేస్తుంది. అసలు తప్పు కిరోసిన్‌ది. కిరోసిన్, నూనె, అగ్గిపుల్ల సెగ తగిలితే పురుగు లోపలి ద్రవాన్ని మన ఒంట్లోకి కక్కే ప్రమాదం ఉంది. ఈసారి సన్నమొన పట్టకారును చర్మానికి ఆనించి, పురుగును దాని నోటి దగ్గర పట్టుకుని, మెలిపెట్టకుండా నిదానంగా నిటారుగా లాగండి. పొట్ట నొక్కొద్దు, గోటితో చిదమొద్దు. టేపుకి అతికించి మడిచి పారేయండి.

గోమారి ఎగరదు, దూకదు. గడ్డి కొసన ముందుకాళ్ళు చాచి కూర్చుని, రాసుకుపోయే కాలిని పట్టుకుని పైకి పాకుతుంది. అందుకే లుంగీతో పొదల్లోకి దిగొద్దు. లేతరంగు ప్యాంటు వేసి అంచు సాక్సులోకి దోపండి. 0.5 శాతం పెర్మెత్రిన్ (పురుగుమందు) బట్టలకు, బూట్లకు మాత్రమే కొట్టి, పూర్తిగా ఆరాక తొడగాలి (తడి మందు పిల్లులకు విషం, దూరంగా ఆరేయండి). చర్మానికి 20-30 శాతం డీట్ (పురుగులు దరిచేరకుండా పూసుకునే మందు) చాలు. పశువులకు కొట్టే మందు ఒంటికి పూసుకునేవాళ్ళున్నారు, ఆ పని మాత్రం చేయకండి.

ఇంటికి రాగానే, రెండు గంటల్లోపే స్నానం చేసి మోకాళ్ళ వెనక, గజ్జలు, మొలతాడు కింద, చంకలు, చెవుల వెనక వెతకండి. రెండు మూడు వారాల్లో జ్వరమొస్తే పొదల్లో పనిచేసిన సంగతి డాక్టరుకు చెప్పండి. సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు కనిపిస్తే అది స్క్రబ్ టైఫస్ అనే జ్వరం కావచ్చు. దాన్ని తెచ్చేది గోమారి కాదు, కంటికి ఆనని ఇంకో పురుగు. డాక్టరు ఇచ్చే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌తో తగ్గుతుంది, ఆలస్యమైతేనే ముప్పు.